మంగళవారం నాటి సముద్రం

ఓడలో రెండో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక మా టూరాయన అందర్నీ పై అంతస్తులో ఒక మూలకు పోగుచేశాడు. టూరాయనంటే, ఏటా పంటలు అమ్ముకున్నాక మా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళను బస్సులో కాశీకో రామేశ్వరానికో తిప్పుకొచ్చే గుంటూరు మనిషి. ఈ వేసవిలో బస్సు వద్దు, ఓడ అన్నాడు. చెన్నైలో ఎక్కడం, లంకలో ఒక పూట దిగడం, మళ్ళీ చెన్నైకి రావడం. అలవాటు చొప్పున వంటమనిషినీ, గ్యాసు పొయ్యినీ కూడా తెచ్చాడు. పొయ్యిని రేవులోనే లాక్కున్నారు. వంటమనిషి మాత్రం ఓడెక్కాడు. ఎక్కినప్పటి నుంచీ నిద్రపోతూనే ఉన్నాడు.

"రేపు పొద్దున్నే త్రికోణమలై రేవులో ఆగుద్ది. మధ్యాహ్నం కూడు వేళకు మళ్ళీ ఓడలో ఉండాల," అన్నాడు టూరాయన. "ఈలోపు ఒకటే చూడగలం. ఒక బస్సు కొండ మీద శివుడి గుడికి పోద్ది. దార్లో కోట ఉంది, వేడినీళ్ళ బావులున్నాయి, అవీ చూపిస్తాడు. ఇంకోటి బీచికి. అది మనది కాదు, ఓడవాళ్ళ వ్యాను. అక్కడ స్నానం చేస్తారో, ఊరికే కూర్చుంటారో మీ ఇష్టం. రెండూ కావాలంటే కుదరదు. గుడికెవరు?"

అన్ని చేతులూ లేచాయి. నాదీ లేచింది. నా పక్కన కూర్చున్న నా తోడికోడలి చేతులు మాత్రం ఒళ్ళోనే ఉన్నాయి.

"బీచెందుకయ్యా, రెండ్రోజుల్నుంచీ చూస్తంది అదేగా!" అంది పెదకాకాని నుంచి వచ్చినామె. "ఎటు తిరిగినా నీళ్ళే. కళ్ళు కూడా ఉప్పగా అయిపోయినయ్."

అందరూ నవ్వారు. టూరాయన కూడా నవ్వి, మాటవరసకు అడిగాడు. "అయితే బీచికెవరూ లేరుగా?"

అప్పుడు నా తోడికోడలు చెయ్యెత్తింది. బంతిలో కూర్చుని మజ్జిగ వడ్డించేవాణ్ణి పిలిచినట్టు, భుజం దాకా మాత్రమే ఎత్తింది.

ఆమె ఎందుకు ఎత్తిందో అక్కడున్న వాళ్ళలో నాకొక్కదానికే తెలుసు.

మాది మిర్చీ పత్తీ పండే నల్లరేగడి ఊరు. సముద్రం మాకు మరీ దూరమేమీ కాదు. కార్తీక పౌర్ణమికి కోడి కూయకముందే ట్రాక్టరెక్కితే తెల్లారేసరికి సూర్యలంకలో ఉంటాం. మా ఇంట్లో అందరూ ప్రతి ఏడూ వెళ్ళేవాళ్ళం. అత్తగారున్నప్పుడూ వెళ్ళాం, పోయాకా వెళ్ళాం. నా తోడికోడలు మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. కారణం గేదె. ఆమె కాపురానికి వచ్చిన కొత్తల్లో ఇంట్లో ఒక గేదె ఉండేది. పితకడానికి ఆమె కూర్చుంటే తప్ప పాలు చేపేది కాదు. నేను చెంబు పట్టుకుని పక్కన కూర్చుంటే తన్నేది. ఆ తర్వాత దాని పెయ్య గేదెయింది. దాని వరసా అంతే. దాని పెయ్యా అంతే. మధ్యలో ఒక ఏడు పురుడొచ్చింది, ఒక ఏడు మైలొచ్చింది. మిగతా ఏళ్ళన్నీ గేదే. ఎవరూ ఆమెను ఉండిపొమ్మని చెప్పలేదు. ఆమె వస్తానని అడగనూ లేదు. ట్రాక్టరు కదిలేసరికి ఆమె దొడ్లో ఉండేది. సాయంత్రం వచ్చి మేము సీసాలో తెచ్చిన సముద్రం నీళ్ళు ఆమె నెత్తిన చల్లేవాళ్ళం. ఆమె కళ్ళు తుడుచుకుని మళ్ళీ పనిలో పడేది.

పోయినేడు ఆఖరి గేదెను అమ్మేశారు. ఇప్పుడు పాలు ప్యాకెట్లో వస్తున్నాయి.

టూరాయన ఓడ సంగతి చెప్పడానికి మా ఇంటికి వచ్చినప్పుడు ఆమె ఒకటే అడిగింది, సముద్రం దాకా వెళ్తుందా అని. ఓడ ఇంకెక్కడికి పోద్దమ్మా అన్నాడు ఆయన. మా ఆయన రాలేదు. కోల్డ్‌స్టోరేజీలో మిర్చి బస్తాలు పెట్టి, ధర కోసం ఎదురుచూస్తూ ఫోను ముందు కూర్చున్నాడు. మా మరిదికి పడవంటేనే కళ్ళు తిరుగుతాయి. అందుకని మేమిద్దరమే బయలుదేరాం. పాసుపోర్టు కాగితాల్లో సంతకం పెట్టమంటే నేను ఇంటిపేరుతో సహా మొత్తం రాశాను. ఇచ్చిన గడి చాలక పక్క గళ్ళోకి పోయింది. అరవైకి దగ్గరపడ్డాక నేర్చుకున్న అక్షరాలు, కుదించి రాయడం నాకు రాదు. ఆఫీసులో అమ్మాయి విసుక్కుని మళ్ళీ రాయించింది.

ఓడెక్కిన మొదటి రోజే నా తోడికోడలికి సంగతి అర్థమైంది. సముద్రం ఏడంతస్తుల కింద ఉంది. కమ్మీ పట్టుకుని చాలాసేపు కిందికి చూసింది.

"చెయ్యి చాపితే అందుద్దనుకున్నా అక్కా," అంది.

"కృష్ణ దాటే పడవనుకున్నావా?"

"ఆఁ. అట్టాగే ఉంటదనుకున్నా."

రెండు రోజులూ ఆ కమ్మీ దగ్గరే గడిపింది. భోజనానికి పిలిస్తే వచ్చేది, తినేది, మళ్ళీ అక్కడికే పోయేది. ఏడంతస్తుల నీడ పడిన నీళ్ళు నల్లగా ఉంటాయి. అందులో చూడ్డానికి ఏముందో నాకు తెలియలేదు.

ఇప్పుడు ఆమె చెయ్యెత్తేసరికి పొన్నూరు పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. బియ్యం వ్యాపారం చేసి మానేసిన మనిషి. మా గుంపులో తిథులూ వారాలూ ఆయనే చెబుతాడు.

"అమ్మాయ్, రేపు మంగళవారం," అన్నాడు.

"తెలుసు బాబాయ్ గారూ."

"తెలిస్తే ఎట్టా పోతావు? మంగళవారం, శుక్రవారం సముద్రాన్ని ముట్టుకోకూడదు. పర్వమైతే వేరే మాట. రేపేమీ పర్వం లేదు. ఒట్టి మంగళవారం."

మా వైపు ఇది అందరికీ తెలిసిన సంగతే. నదిలో ఎప్పుడైనా మునగొచ్చు, సముద్రంలో మాత్రం మునగాల్సిన రోజునే మునగాలి. చిన్నప్పటి నుంచీ విన్నదే. పిల్లలు సూర్యలంక బీచికి ఆదివారం వెళ్ళి ఆడుకుంటారు, అది స్నానం లెక్కలోకి రాదు. మా వయసువాళ్ళు అలా వెళ్ళరు.

నా తోడికోడలు తల వంచుకునే అంది, "మరి మనం రెండ్రోజుల్నుంచీ దాని నెత్తినెక్కి తిరుగుతన్నాం కదండీ. తింటన్నాం, పడుకుంటన్నాం. అన్నిటికీ దాని మీదే పోతన్నాం. దానికి వారం లేదా?"

పెదకాకాని ఆమె పగలబడి నవ్వింది. పెద్దాయన నవ్వలేదు. "అది ముట్టుకోవడం కాదమ్మా. మధ్యలో ఓడ అడ్డముంది," అన్నాడు.

ఆయన మాటా నిజమే అనిపించింది నాకు.

టూరాయనకు ఈ వాదనతో పని లేదు. ఆయన భయం ఆయనది. "అమ్మా, వారం సంగతి మీరూ మీరూ చూసుకోండి. భాష తెలవని చోట ఒక్క ఆడమనిషిని వేరేవాళ్ళ వ్యానులో పంపను. జతకు ఒకరుండాల. లేదంటే గుడికే రండి," అన్నాడు.

అందరూ నా వైపు చూశారు. నేను ఎవరి వైపూ చూడలేదు.

గుంపు చెదిరాక మేమిద్దరం కమ్మీ దగ్గరికి వెళ్ళాం. ఎండ చురుక్కుమంటోంది. ఆమె కొంగు నెత్తిన వేసుకుంది.

"నువ్వు గుడికెళ్ళక్కా. నా గొడవ నీకెందుకు," అంది.

"వాడు నిన్నొక్కదాన్నీ పంపనన్నాడు, వినపళ్ళా?"

"అయితే మానేస్తాలే."

"మానేస్తే మానెయ్. ఏడుపు ముఖం పెట్టుకుని కొండెక్కమాకు నాతో."

"ఏడవట్లా. ఎండకి కళ్ళు మండుతన్నయ్."

నాకు ఏదైనా ఒకటేనని చెబితే అబద్ధమవుతుంది. ఆ వేడినీళ్ళ బావుల మీద నాకు ఆశ ఉంది. పక్కపక్కనే ఏడు బావులట, ఒక్కోదానిలో ఒక్కో వేడి అట. నా మోకాళ్ళకు గుంటూరు డాక్టరు రాసిన మాత్రలకన్నా కాసిన్ని వేడినీళ్ళే సుఖంగా ఉంటాయి. గుడి విషయం వేరు. గుళ్ళు చాలా చూశాను, ఇంకోటి చూడకపోయినా దేవుడేమీ అనుకోడు. బావులను వదులుకోవడమే కష్టంగా ఉంది. మళ్ళీ లంకకు వచ్చేదేమీ లేదు.

సాయంత్రం టీ దగ్గర టూరాయన కనిపిస్తే చెప్పాను. "నేనూ బీచికే."

"మీకు మోకాళ్ళు కదండీ? వేడినీళ్ళు వేడినీళ్ళు అన్నారు?"

"మోకాళ్ళు నావి. నువ్వు వ్యాను సంగతి చూడు."

మర్నాడు పొద్దున ఓడ ఆగింది. రేవు బయట బస్సూ వ్యానూ పక్కపక్కన నిలబడి ఉన్నాయి. మావాళ్ళంతా బస్సెక్కారు. పెదకాకాని ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది. "ఏమ్మో, నీళ్ళలో చేపలు కరుస్తయ్యంట! జాగ్రత్త!"

"నిన్ను కరవకుండా గుళ్ళో కూర్చో పో!" అన్నాను నేను.

వ్యానులో మేము తప్ప అందరూ కుర్రజంటలు, బెంగుళూరు వాళ్ళూ చెన్నై వాళ్ళూ. మోకాళ్ళ పైదాకా నిక్కర్లు, కళ్ళకు నల్లద్దాలు. మాకు ముందు సీటు వదిలారు. దారిపొడుగునా బోర్డులున్నాయి. వాటిలో సింహళం రాత గుండ్రంగా ఉంటుంది, అచ్చం మనదే అనిపిస్తుంది. కూడబలుక్కుని చదవబోయాను. ఇది ద, ఇది ర అనుకునేలోపు పక్కన తెలియని అక్షరం ఏదో వచ్చి అంతా పోయేది. కాసేపటికి విసుగొచ్చి బోర్డులు మానేసి చెట్లు చూశాను. తాటిచెట్లు మన తాటిచెట్లలాగే ఉన్నాయి.

బీచి దగ్గర డ్రైవరు దించి, తమిళంలో ఏదో చెప్పి, గడియారం చూపించాడు. హారన్ కొట్టగానే రావాలని అర్థమైంది.

సూర్యలంకలో అల వస్తుంటే మనిషి నిలబడలేడు. ఇక్కడి సముద్రం చెరువులా ఉంది. ఒడ్డున చిన్నచిన్న మడతలు పడి, బుస్సుమని ఇంకిపోతున్నాయి. ఇసుక తెల్లగా ఉంది. కుర్రజంటలు సంచులు అక్కడే పడేసి ఒక్క పరుగున నీళ్ళలోకి దూకారు.

నా తోడికోడలు దూకలేదు. నీళ్ళకు నాలుగు బారల ఇవతల కూర్చుని తన సంచి విప్పింది. పసుపు, కుంకుమ, రెండు తమలపాకులు, ఒక వక్క, అరటిపండు. ఇంటి దగ్గర నుంచే తెచ్చింది. ఇవన్నీ సంచిలో ఉన్నట్టు నాకే చెప్పలేదు. తడి ఇసుక తీసి గౌరమ్మను చేసింది. చాలా చక్కగా చేసింది. ఏటా మేము చెప్పుకునే మాటలు విని నేర్చుకుని ఉంటుంది. పసుపు చల్లి బొట్టుపెట్టి, దణ్ణం పెట్టుకుంది. తర్వాత లేచి, నీళ్ళు ఆగుతున్న గీతకు జానెడు ఇవతల, కాళ్ళు చాపి కూర్చుంది.

"ఏందే, కూర్చున్నావు? లోపలికి పద."

"ఇక్కడే ఉంటానక్కా."

"ఇంత దూరం వచ్చి ఒడ్డున కూర్చుంటావా?"

ఆమె కొంచెం సిగ్గుపడింది. "మంగళవారం నేను ముట్టుకోకూడదు కదా. అదే వచ్చి నన్ను ముట్టుకుందనుకో. అప్పుడు నా తప్పేముంది?"

రాత్రంతా ఆలోచించి ఆ దారి కనిపెట్టినట్టుంది. నేను పక్కన చతికిలబడ్డాను. ఇసుకలో కూర్చుంటే మోకాళ్ళు లేవవని తెలిసీ కూర్చున్నాను.

చూస్తూ ఉన్నాం. ఒక మడత వచ్చేది, ఆమె కాళ్ళ దాకా వస్తున్నట్టే కనిపించేది, బెత్తెడు దూరంలో ఆగి వెనక్కి పోయేది. ఆమె కాళ్ళు కదిలించలేదు. ముందుకు జరపనూ లేదు, వెనక్కి తియ్యనూ లేదు. ఒక మడత కొంచెం పెద్దదొచ్చింది. ఆమె ఊపిరి బిగబట్టింది. అదీ కాళ్ళ దాకా రాలేదు.

"కొంచెం ముందుకు జరుగు," అన్నాను.

"జరిగితే నేను పోయినట్టే కదా."

"కాళ్ళ కింద ఇసుక గోకుతా, గుంట పడి నీళ్ళొస్తయ్."

"వద్దొద్దు. నువ్వు చేస్తే నేను చేయించినట్టే."

"చెంబుతో తెచ్చి పోస్తా, పో. నాకు పాపమొస్తే వచ్చింది."

ఆమె నా వైపు తిరిగింది. "చల్లించుకోవడానికా అక్కా ఇంత దూరం వచ్చింది?"

ఎండ నెత్తికెక్కుతోంది. నీళ్ళు దగ్గరికి రాకపోగా, గీత ఇంకొంచెం వెనక్కి జరిగినట్టు నాకు అనిపించింది. ఆమెకూ అనిపించే ఉంటుంది, చెప్పలేదు. చెన్నై కుర్రాడొకడు నీళ్ళలోంచి వచ్చి, మాకేమైనా సాయం కావాలా అని చేతులతో అడిగాడు. ఫోటో కావాలేమో అనుకుని ఫోను చూపించాడు. నేను వద్దని చెయ్యూపాను.

వ్యాను హారన్ మోగింది.

కుర్రజంటలు ఒక్కొక్కరే బయటికి వచ్చి తువాళ్ళు తీసుకుంటున్నారు. నేను లేవడానికి చెయ్యి ఆనించాను. ఆమె నాకన్నా ముందే లేచింది. చీర వెనక అంటిన ఇసుక దులుపుకుంది. సంచి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. చేతి గాజులు వెనక్కి తోసుకుని, కొంగు నడుముకు బిగించింది.

"పోదాం పద, పిలుస్తన్నాడు," అన్నాను.

"నువ్వు ఇక్కడే ఉండక్కా. రామాకు. ఇద్దరికెందుకు పాపం."

"ఏందే నువ్వు చేసేది?"

"వస్తే వచ్చింది," అంది.

సముద్రంలోకి నడిచింది. మొదటి నాలుగడుగులు, పొలంలో మడి దిగేటప్పుడు దిగినట్టు కాళ్ళెత్తి వేసింది. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాక ఆగి, వంగి, రెండు దోసిళ్ళు తీసి నెత్తిన పోసుకుంది. ఇంకా లోపలికి పోయింది. చీర బుడగలా పైకి లేస్తే రెండు చేతులతో అణిచింది. నడుం దాకా వెళ్ళాక ముక్కు మూసుకుని మునిగింది.

లేచి, గట్టిగా, ఒడ్డుకు వినపడేంత గట్టిగా అంది. "ఇది ఆయనది."

మాలో, రాలేని వాళ్ళ పేర మునక వెయ్యడం ఉంది. వెళ్ళినవాళ్ళు ఇంట్లో ఉండిపోయినవాళ్ళందరి పేరా మునిగి వస్తారు. ఆమె ఆ పని మొదలుపెట్టింది. మళ్ళీ మునిగింది. "ఇది పెద్దోడిది." మళ్ళీ. "ఇది చిన్నోడిది." కోడళ్ళ పేర వేసింది, మనవళ్ళ పేర వేసింది, మా ఆయన పేర బావగారిదని వేసింది. పోయిన అత్తగారికీ ఒకటి వేసింది. అది పాపమైతే ఇంటిల్లిపాదికీ పంచినట్టే, పుణ్యమైనా అంతే. పొన్నూరు పెద్దాయన ఉంటే ఏదో ఒకటి తేల్చేవాడు. ప్రతిసారీ లేచాక ముఖం తుడుచుకుని, కాసేపు నిలబడి, తర్వాతి మనిషి ఎవరా అని ఆలోచించేది.

డ్రైవరు మళ్ళీ హారన్ కొట్టాడు. వ్యాను పక్కన నిలబడి చేతులూపుతున్నాడు. కుర్రజంటలు ఎక్కేశారు.

"ఇది అక్కది!" అని అరిచి మునిగింది.

"నేనిక్కడే ఉన్నా కదే! నాకెందుకు?" అన్నాను.

"నువ్వు మునగలేదుగా!"

"చాల్లే, రా! వ్యాను పోద్ది! ఓడ కూడా పోద్ది!"

"ఆగక్కా," అంది. ముఖం మీద అంటుకున్న వెంట్రుకలను రెండు చేతులతో వెనక్కి తోసుకుంది. పొద్దున పసుపు రాసుకున్న ముఖం ఉప్పునీళ్ళకు వెలిసిపోయి ఉంది. "అందరివీ వేశా. నాది ఇంకా వెయ్యలా."

డ్రైవరు ఇసుకలోకి దిగి నా దగ్గరికి వచ్చాడు. గడియారం చూపిస్తూ తమిళంలో తిట్టాడు, తిట్టే అయుండాలి. నేను సంచి ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాను. లేవమన్నా నా మోకాళ్ళు లేచేవి కావు. "ఉండవయ్యా, ఆమె ఇంకా మునగలేదు," అన్నాను తెలుగులోనే. అతనికేమర్థమైందో తెలియదు. నడుం మీద చేతులు పెట్టుకుని అతనూ సముద్రం వైపు తిరిగాడు.

ఆమె ఇంకో రెండడుగులు లోపలికి వేసింది.